ఒకటిన్నర అడుగు

ఈ ముసురుకు గాజుల సాయిబు ఇంట్లో పోయినవి ఇవి: వేప దూలం ఒకటి, దాని మీద అడ్డంగా వేసిన దంతెలు తొమ్మిది, మిద్దె మీద పరిచిన చవుడు మన్ను రెండు బండ్లు, మిద్దె కంత మీద కప్పే పలక ఒకటి, పడమటి గోడ మొత్తం, దానికి ఆనుకొని దక్షిణపు గోడలో మూడో వంతు, గాజుల పెట్టెలు నాలుగు, గంప కింద మూసిన కోడి ఒకటి. మనుషులు పోలేదు. సాయిబు పోయి అప్పటికే మూడేళ్లయింది. ఆయన భార్య ఆ సమయానికి ముందరి వసారాలో బియ్యం ఏరుకుంటూ ఉంది.

ఈ లెక్క తీయడానికి పిలిస్తే వెళ్లాను. బేతంచెర్ల స్టేషను పక్కన బండల డిపోలో కొలతలు వేయడం నా పని. బడిలో నేను చదివింది మూడో తరగతి దాకా. మిగిలిన లెక్కలన్నీ సుద్దముక్కతో బండల మీదే నేర్చుకున్నాను. వీధిలో ఏది పడినా, ఏది లేచినా నన్నే పిలుస్తారు.

వాన వెలిశాక జనం సందులో గుంపుగా నిలబడి ఉన్నారు. పడమటి గోడ పడిపోయింది గదా, దాని వెనక గది కనపడాలి. గది కనపడలేదు. ఇంకో గోడ కనపడింది. ఐదు నిలువు బండలు, వాటి పైన మిద్దె దాకా చిన్న రాళ్లు, చెక్కు చెదరకుండా. పడిన గోడకూ నిలిచిన గోడకూ నడుమ సన్నటి సందు.

"ఇంటికి రెండు గోడలేందప్పా, ఉల్లిగడ్డ మాదిరి?" అన్నారెవరో. ఒకరిద్దరు నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆ లోపలి గోడ ఎవరు కట్టారో నాకు తెలుసు. ఆమె కట్టిన గోడ వీపును బయటి వెలుతురులో చూడటం మాత్రం అదే మొదలు.

వీధంతా ఆమెను అవ్వ అనేది. నేనూ అట్లాగే పిలిచాను. పేరు తెలియక కాదు. పేరుతో తలచుకుంటే ఆమె ఇంకెవరో అయిపోతుంది.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఆమెకు అరవై ఉంటాయి. మనిషి సన్నం. చేతులు మాత్రం మనిషికి సరిపోనంత పెద్దవి. భర్త రాళ్ల పనివాడట, ఆయన పోయినాక సుత్తి, తాపీ, తూకపుగుండు ఆమెకు మిగిలాయి. ఎవరినీ కూలికి పిలిచేది కాదు. ఇంట్లో గచ్చు పగిలితే తనే, సున్నం రాలితే తనే. డిపోకు వచ్చిందంటే బండలను ఊరికే చూసేది కాదు. బొటనవేలు నాలుకకు తడిచేసుకొని బండ మీద రుద్దేది. ఆ తడి ఆరేలోపల బండ తన అసలు రంగు చూపిస్తుంది. తర్వాత మెటికలతో కొట్టి, చెవి ఆనించి వినేది, కుండ కొనేవాళ్ల మాదిరి. "ఇది పలుకుతాండాది" అంటే తీసుకునేది. పలకని బండ ఎంత నున్నగా ఉన్నా పక్కకు తోసేది.

మా గుమాస్తా ఊరుకునేవాడు కాదు. "ఏమవ్వా, ఏమంటాండాది బండ?"

"నీ జీతం పెరగదంటాండాది" అనేది, చెవి తీయకుండానే.

అట్లాంటి మనిషి ఒక్కగానొక్క కూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి, కాన్పు కాకుండానే పోయింది. బిడ్డ కడుపులోనే ఉండిపోయింది. పోయిన ఘడియ ధనిష్ఠ అని పంచాంగం చూసిన అయ్యోరు తేల్చాడు. అట్లా పోతే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలి. లోపల ఎవరూ పడుకోకూడదు, పొయ్యి రాజెయ్యకూడదు, దీపం పెట్టకూడదు. ఆ ఆర్నెల్లూ ఇల్లు పోయినవాళ్లదే. అంతకు మించిన భయం ఏమంటే, పోయింది నిండు చూలాలు. వీధి మొత్తం ఆ గడప ముందు నుంచి నడవడం మానేసి అవతలి పక్క నుంచి నడిచింది.

అవ్వ, ఆమె కొడుకు పెరట్లో కొట్టం వేసుకొని ఉన్నారు. ఇంటి తలుపుకు అడ్డంగా కంపమండ కట్టారు. కొడుక్కు గుంతకల్లులో రైలు పని దొరికింది. ఆర్నెల్లు కాగానే ఇల్లమ్మి అమ్మను తీసుకుపోవాలని అతని తొందర. అట్లాంటి ఇల్లు ఎవరు కొంటారు? ఒక్కడు వచ్చాడు. ఇల్లు వద్దు, కూలగొట్టి రాళ్లూ దూలాలూ మోసుకుపోతానన్నాడు. కొడుకు సరేననేలోగా అవ్వ లేచి నిలబడిందట.

"ఆర్నెల్లు తాళు. ఇంటికి విలువ పెంచుతా. అప్పుడు అమ్ముకో."

మరుసటి రోజు నుంచి వెనక తలుపున లోపలికి పోవడం మొదలుపెట్టింది. పొద్దున పోయి, దీపం వేళకు బయటికి వచ్చేది. పెద్దమనుషులు కొట్టం దగ్గరికి వచ్చి తప్పని చెప్పారు.

"నేనేమన్నా ఆడ కాపురం చేస్తాండానా? పని చేస్తాండా" అంది. "పాడుబెట్టిన ఇంట్లో పొయ్యి పెట్టగూడదన్నారు, పెట్టలా. పండుకోగూడదన్నారు, పండుకోలా. సున్నం గొట్టగూడదని యాడుండాదో సూపీండి."

వాళ్లు వచ్చిన దారినే తిరిగి పోయారు.

ఆమెకు బండలు కావలసి వచ్చాయి. మా కూలీలు ఆ గడప తొక్కేది లేదన్నారు. గుమాస్తా నా వైపు చూశాడు. "మీది చర్చి గదప్పా, మీకు ధనిష్ఠ అంటదు. నువ్వు పో." బండలు వెనక గడప దాకా కూలీలు మోశారు. అక్కడి నుంచి లోపలికి నేను, అవ్వ.

మిట్టమధ్యాహ్నం. బయట ఎండకు కళ్లు తెరవలేము. లోపల చీకటి, చల్లదనం, పచ్చిసున్నం వాసన. మిద్దె నడుమ వెలుతురు కోసం వదిలే కంత ఉంటుంది గదా, గవాచి, దాని నుంచి ఒక్క ఎండ కంబం దిగి నేల మీద పళ్లెమంత వెలుగు పడుతోంది. అవ్వ ఆ పళ్లెం పక్కన కూర్చొని సున్నం వడగడుతోంది. కరక్కాయ నీళ్లు ఒక కుండలో, బెల్లం నీళ్లు ఒక కుండలో.

పనికి లెక్క కట్టాలని లోపలి గది కొలిచాను. తూర్పు పడమరలు పన్నెండు అడుగులు, ఉత్తర దక్షిణాలు తొమ్మిది. ఎన్ని బండలు పడతాయో చెప్పాను. ఆమె విని తలాడించి, సంబంధం లేని మాట ఒకటి అడిగింది.

"ఏమప్పా లెక్కలప్పా, ఒక ఆడమనిషి సంకలో బిడ్డను పెట్టుకొని, గోడకు మోచెయ్యి తగలకుండా తిరగాలంటే ఎంత వెడల్పు గావాల?"

మా డిపోలో బండల వరసల నడుమ ఆడకూలీలు బిడ్డలను ఎత్తుకొని నడుస్తారు. ఆ సందులు నేను కొలిచినవే. "ఒకటిన్నర అడుగు సాలవ్వా" అన్నాను.

ఆమె పడమటి గోడ వైపు తిరిగింది. "సాలునా?" అని అడిగింది.

నన్ను కాదు. గోడ దగ్గర ఎవరూ లేరు. ఆమె ఆగింది, మనం అడిగిన ప్రశ్నకు అవతలి మనిషి ఆలోచించుకొని జవాబు చెప్పేదాకా ఎంతసేపు ఆగుతామో అంతసేపు. తర్వాత, "సాలునంటాండాది" అని మళ్లీ వడగట్టుకోవడంలో పడింది. నా వీపు చల్లబడింది. నీడపట్టుకని చెప్పుకున్నాను.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాను. ప్రతిసారీ ఇల్లు ఒక మెట్టు పైకెక్కి ఉండేది. గోడలకు సన్నసున్నం మెత్తి, వంకలో దొరికే నున్నటి రాయితో రుద్ది రుద్ది కోడిగుడ్డు పెంకులాగా చేసింది. చెయ్యి పెడితే చెయ్యి నీడ కనపడేది. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి తెలుపును ఇంకా తెలుపు చేసింది. గోడల అడుగున జానెడు వెడల్పున ఎర్రమట్టి జాజు పట్టె. నేలకు మన బండలు, వాటి చుట్టూ కడప నల్లబండ అంచు, పంచెకు అంచు మాదిరి. జాజు పట్టె గీసేటప్పుడు దారం ఒక కొస తను పట్టుకొని, రెండో కొస గూట్లో మేకుకు కట్టేది. మేకు లేని గోడ దగ్గర కూడా దారం రెండో కొస గాలిలో బిగుతుగా నిలబడి ఉండటం ఒకసారి చూశాను. నన్ను చూసి ఆమె దారం వదిలేసింది. అది నేల మీద పడింది.

నిలువు బండలు ఒక్కొక్కటి ఇద్దరు మగవాళ్ల బరువు. నేను వాటిని గోడకు ఆనించి వెళ్లేవాణ్ని. మళ్లీ వచ్చేసరికి అవి గది అవతలి వైపున నిటారుగా నిలబడి ఉండేవి.

"ఎవరు పట్టినారవ్వా?"

"పట్టేవాళ్లు పట్టినారు."

ఆరు చిన్న బండలు మాత్రం మోటువి అడిగింది, పొరలు లేచినవి, అమ్ముడుపోనివి. ఒకటిన్నరకు ఒకటిన్నర. "ఇవి ఇసుకతో రుద్ది తిక్కలేదవ్వా, కాళ్లకు గుచ్చుకుంటాయి" అన్నాను.

"తిరిగేవాళ్లే తిక్కుకుంటార్లే" అంది.

ఆఖరున గాజుముక్కలు. వీధుల్లో గాజులమ్మే సాయిబు దగ్గర పగిలిన గాజులన్నీ చేటలతో తెప్పించుకుంది. పచ్చి సున్నంలో వాటిని ఒక్కొక్కటి గుచ్చి, లోపలి గది పడమటి గోడంతా తీగ అల్లింది. పచ్చ ఆకులు, ఎర్ర మొగ్గలు. గవాచి ఎండ పొద్దుతో పాటు జరుగుతూ వచ్చి ఆ గోడ ఎక్కినప్పుడు, ముక్కలన్నీ వరసగా ఒకదాని తర్వాత ఒకటి వెలిగేవి, ఎవరో చేతులు చాచి నడిచిపోయినట్టు. సాయిబు ముక్కలు ఇవ్వడానికి గడప బయట నిలబడేవాడు. ఒకనాడు మెడ సాచి లోపలికి చూశాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"అవ్వా, ఇది నవాబుల ఇంట్లో కూడా ఉండదు. ఎవరికిస్తాండావు?"

"కూలగొట్టనోళ్లకు" అంది అవ్వ.

ఆర్నెల్లు నిండాయి. కంపమండ తీశారు, ఇంటికి శుద్ధి చేశారు. ఊరు ఊరంతా చూడటానికి వచ్చింది. భయం మరిచి గోడలకు చేతులు రాశారు. కొడుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సాయిబు బేరం కుదుర్చుకున్నాడు. మా వైపు వాడుక లోపలి నేల కొలిచి వెల కట్టడం. కొలవడానికి నన్నే పిలిచారు.

ముందరి గది సరిపోయింది. లోపలి గది ఉత్తర దక్షిణాలు తొమ్మిది, సరిపోయింది. తూర్పు పడమరలు పది అడుగుల మూడు అంగుళాలు వచ్చింది.

టేపు తప్పేమోనని కర్రతో కొలిచాను. అదే. బయటికి పోయి బయటి గోడ కొలిచి, గోడల మందం తీసేశాను, పాత పన్నెండే. అడుగు తొమ్మిది అంగుళాలు ఇంట్లోనే ఎక్కడో ఉన్నాయి. నిలువు బండ మందం, రెండు వైపుల సున్నం కలిపి మూడు అంగుళాలు తీసేశాను. మిగిలింది ఒకటిన్నర అడుగు.

అవ్వ గాజుల గోడకు వీపు ఆనించి కూర్చొని నన్నే చూస్తోంది.

"లెక్క దొరికిందా?"

"దొరికిందవ్వా."

"అయితే కూసో."

కూర్చున్నాను. ఆమె గొంతు తగ్గించలేదు. దాచుకునే మాట చెబుతున్నట్టు కాదు, వంట ఎట్లా చేయాలో చెబుతున్నట్టు చెప్పింది.

"ఆర్నెల్లు ఇల్లు దానిదేనన్నారు గదా. ఆర్నెల్లు అయినాక కంపమండ తీసి మనం దూరితిమి. మరి అది యాడికి పోవాల? అత్తగారింటికి పోదు, ఆడ దాని మొగునికి ఇంగొక పెండ్లాం వచ్చె. మట్టిలోకి పోవాలంటే సంకలో బిడ్డ. ఎండకు యాడ తిప్పుతాది? పుట్టినింటికి వచ్చిన బిడ్డకు నేను గడప సూపితినంటే ఇంగ నేనేం తల్లిని? అందుకే దానికి ఒక అర తీసిచ్చినా."

"మరి ఈ సొగసంతా ఎందుకవ్వా?"

"నీకు లెక్కలొస్తాయి గాని లోకం రాదు" అంది. "పాత ఇల్లు కొన్నోడు పగలగొడతాడు. సొగసైన ఇల్లు కొన్నోడు మేకు గూడా కొట్టనీడు. నా బిడ్డ గోడ మీద ఒక్క దెబ్బ పడగూడదు. దానికే ఇంత."

నేను సాయిబును పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. లోపల ఒకటిన్నర అడుగు నేల ఉంది, అది అమ్మకంలో లేదు, ఆ గోడ కదపకూడదు. ఆయన గడ్డం నిమురుకొని గాజుల తీగను చూశాడు. "కనపడే నేలకు దుడ్లు ఇస్తాండా. కనపడని నేల నాకెందుకు? పెద్దల రూహులు, మీరు ఆత్మలంటారే, అవి ఉండే ఇండ్లు మాలోనూ ఉండాయి." ఇంట్లో ఆమెకు కూడా చెప్పే తీసుకున్నాడు.

బండెక్కే రోజు అవ్వ లోపలికి పోయి చాలాసేపు రాలేదు. పిలవడానికి నేను వెళ్లాను. ఆమె గాజుల గోడకు చెవి ఆనించి, మెటికలతో మూడుసార్లు కొట్టింది. వినింది. ముఖమంతా నవ్వయింది.

"పలుకుతాండాది" అంది.

అంతే. బండెక్కాక ఇంటి వైపు తిరిగి చూడలేదు. కొన్నేళ్లకు గుంతకల్లులో పోయిందని కబురు వచ్చింది. అక్కడ రైలు వాళ్లిచ్చిన ఒంటిగది కొట్టిడీలో కూడా గోడకు జాజు పట్టె గీసిందట.

సాయిబు భార్యను నేను వదినా అంటాను. ఆమె ఆ గదిలో ఇరవై రెండేళ్లు కాపురం చేసింది. ఎప్పుడైనా బండల పని మీద వెళితే ఏదో ఒకటి చెప్పేది. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక బండ మీద ఇసుక తిక్కుతున్న సప్పుడు వస్తుందనేది. గాజుల సప్పుడు వస్తుందనేది. సాయిబు నవ్వేవాడు: "గాజులమ్మేటోని ఇంట్లో గాజుల సప్పుడు గాక ఇంకేం వస్తాదే?" ఆమె భయపడింది మొదటి ఏడే. ఆ తర్వాత కూర తాళింపు పెట్టేముందు గోడ వైపు చూసి, "ఘాటొస్తాది, బిడ్డను పక్కకు తీసుకో" అని చెప్పడం అలవాటయింది. ఆమెకు పిల్లలు లేరు.

ఇదంతా తలలో పెట్టుకొనే నేను మొన్న ఆ సందులో నిలబడ్డాను. జనాన్ని పంపేసి, మట్టి పెళ్లలు తీయించాను. వదిన చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకొని నా పక్కనే ఉంది.

ముందు నేల. ఆరు బండలూ ఉన్నాయి. పొరలు లేచిన మోటు బండలు, నా చేత్తో ఇచ్చినవి. తడి గుడ్డతో తుడిచాను. నున్నగా ఉన్నాయి. ఇరవై రెండేళ్లు ఇంటిల్లిపాదీ తొక్కిన గడప ఎంత నునుపు తేలుతుందో అంత. రెండు కొసల దగ్గర, వెనక్కి తిరగవలసిన చోట, ఇంకా ఎక్కువ అరిగి కొంచెం పల్లం పడ్డాయి. నేను ఆమె చేసినట్టే బొటనవేలు తడిచేసి రుద్దాను. బండ తన రంగు చూపించింది.

తర్వాత గోడ. నిలువు బండల వీపుకు కూడా అవ్వ సున్నం పూసింది, ఆఖరున మూసిన బండకు తప్ప. ఆ సున్నం మీద ఒక గీత, ఈ కొస నుంచి ఆ కొసకు. గీసిన గీత కాదు, అరచెయ్యి రాసుకుంటూ పోతే మాసి మెరిసే పట్టె. మోకాలి ఎత్తున ఒకటి. దానికి పైన తొడ ఎత్తున ఇంకొకటి. నడుము ఎత్తున మూడోది, పలచగా. ఆ పైన ఏమీ లేదు.

"పైన లేదేం అన్నా?" అంది వదిన, గుసగుసగా.

"నడక బాగా వచ్చినంక గోడ పట్టుకోరు గదా వదినా" అన్నాను. అని, ఏమన్నానో నాకే వినపడి ఊరుకున్నాను.

ఆమె సందులో కూర్చుండిపోయింది. ఏడ్చిందో లేదో తెలియలేదు. కాసేపటికి లేచి, "గోడ మళ్లీ పెట్టాల. తెరిచిపెట్టినాము, ఎండ పడతాండాది వాళ్ల మీద. యాడ పెట్టమంటావో సెప్పు, అన్నా" అంది.

లెక్క నాదే గనక నేనే చెప్పాలి. "ఆ పొద్దు చెప్పిన ఒకటిన్నర, ఒక మనిషికీ చంకలో బిడ్డకూ. ఇప్పుడా బిడ్డకు ఇరవై రెండేళ్లు. ఇద్దరు పెద్దవాళ్లు ఎదురెదురుగా వస్తే ఒకరికొకరు తగలకుండా పోవాలంటే మూడడుగులు గావాల."

"లోపలి గోడ నా గదిలోకి జరుపు. మంచం ముందరి గదిలో ఏసుకుంటా."

మంచి మాట. నలుగురు బలమైన రాళ్ల పనివాళ్లను తెచ్చాను. మోకులు, గడ్డపారలు తెచ్చారు. అరవై ఏళ్ల ముసలామె ఒంటరిగా నిలబెట్టిన బండను నలుగురూ కలిసి వెంట్రుకవాసి కదపలేకపోయారు. గాజుముక్క ఒక్కటి రాలలేదు. వాళ్లలో పెద్దవాడు గడ్డపార కింద పెట్టేసి చెమట తుడుచుకున్నాడు. "మేం నెడతాంటే ఆ పక్క నుంచి ఎవరో నెడతాండారప్పా" అన్నాడు. ఆ పక్కన సందులో ఎవరూ లేరు. వాళ్లు కూలి కూడా అడగకుండా వెళ్లిపోయారు.

బయటి గోడను వీధిలోకి జరపడానికి వీల్లేదు, బండ్లు తిరగవు. యుద్ధమని సిమెంటు దొరకడం లేదు. పాత పునాది మీదే, పాత రాళ్లతో, సున్నంతో పడమటి గోడ లేపించాను. మూసేముందు వదిన ఒక డజను మట్టిగాజులు లోపల పెట్టింది, సగం పెద్దవి, సగం కన్నెపిల్ల చేతికి సరిపోయేవి. ఆఖరి రాయి పెట్టాక నేను చెవి ఆనించి మెటికలతో కొట్టాను. ఏం వినపడిందో రాయను. అది లెక్కకు వచ్చేది కాదు.

లెక్కకు వచ్చేది ఇది. కావలసింది మూడడుగులు. అవ్వ నా మాట మీద ఇచ్చింది ఒకటిన్నర. ఇంకా ఒకటిన్నర అడుగు ఇవ్వాలి.